బాయి గేటు ముందు హోటలు

మంచిర్యాల దగ్గర ఒక బొగ్గుబాయి ఆఫీసులో అతడు టైపిస్టు. అన్న పోయాక, బాయి గేటు ముందు హోటలు పెడతానని వదిన బ్యాంకు అప్పు కోసం రాయించుకొచ్చిన ప్లాను చదివి, తల ఎత్తలేకపోయాడు.

"ఎట్లున్నదో చెప్పరాదు?"

"మంచిగనే ఉన్నది వదినా. గిరాకి ఎక్కడికెళ్లి వస్తది?"

"బాయిల మూడు షిఫ్టులు నడుస్తయి గద. గాళ్లంత తింటరు."

"వానకాలంల గా బాయి మూస్తుండ్రు."

"ఎవలు చెప్పిండ్రు?"

"ఆర్డరు నేనే టైపు చేసిన. రెండు నెలలాయె."



"మొన్న హోటలు షెడ్డుకు రేకులు నువ్వే ఎక్కిస్తివి గదా!"

"బయట చెప్తే నౌకరి పోతదన్నరు."

"మరి ఇయ్యాల ఎందుకు చెప్పినవ్?"

అతడు ప్లాను కాగితాలు మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"తీసేసేటోళ్ల లిస్టు పొద్దుగాల వచ్చింది వదినా. అండ్ల నా పేరు గూడ ఉన్నది."