మూల నల్లబడిన జాబు

హలో… ఆ, నేనే. తిరుత్తణి పోస్టాపీసు నుంచి ట్రంకాలు అడిగింది నేనేనమ్మా… తిరువళ్ళూరు దొరికిందా? … ఆ, కలపండి.

హలో… ఎవురు, పెరుమాళ్ళా? … నేనురా, బావను. ఆదికేశవులు… అవును, ట్రంకాలే. మీ ఇస్కూలు నెంబరు ఎతికి పట్టుకునేతలికి అరగంట పట్టింది…

… ఇచ్చేసినారా కప్పు? … వాడి చేతికే? … ఈ ఏడుకంతా జిల్లాలో బెస్ట్ అథ్లీటు మా గోపాలనే అని మైకులో చెప్పినారా… ఊ…

సంతోషమే… సంతోషమేరా, కాదనలేదు. నువ్వు మేనమామవి, నీకుండదా… రేయ్, ఒక నిమిషం నా మాట విను. ఇంకా పరుగు ఉండాదా?

— అదే, కప్పు గెలిచినోడు పోయినేడు గెలిచినోడితో కలిసి నాలుగు రౌండ్లు పరిగెత్తి చూపించాలంట కదా. ప్రతి ఏడూ అట్లే అని నువ్వే చెప్పినావు. అది అయిపోయిందా, కాలేదా?

… ఇంకా లేదా. దేవుడా… అయితే విను. వాడు పరిగెత్తకూడదు.

… కూడదంటే కూడదు… ఎందుకంటే — డాక్టరు జాబు రాసినాడు.

… మెడ్రాసు డాక్టరే. వైకాశి నెల్లో వాడు గ్రౌండులో కండ్లు తిరిగి పడితే, డ్రిల్లు మేష్టరు ఆదిమూలం సారు పిల్చుకుపోయి గుండెకు పరీక్ష చేయించలా? … ఆ, ఆ డాక్టరే. ఏమన్నా ఉంటే జాబు రాస్తా, జాబు రాకపోతే ఏమీ లేదనుకోండి అన్నాడంట కదా.

… రాలేదనే అనుకున్నాము. వచ్చిందిరా. వాడు మాల వేసిన వారానికే వచ్చింది. నెలన్నరగా మా ఇంటి చూరులోనే ఉండాది.

… ఎవురో కాదు, మీ అక్కే… అరవొద్దు. దాన్ని ఏమీ అనొద్దు. కవరు మూలన నలుపు ఉండాది. మూలకు నలుపు పూసుంటే సావు జాబు కదా మనకు. వాడేమో కావడి ఎత్తేదానికి మాల వేసుకోనుండాడు. సావు కబురు చెవిన పడితే మైల, మొక్కు చెడిపోతుంది. అందుకని విప్పకుండా, ఎవురితోనూ చెప్పకుండా, మగ్గాల కొట్టం చూరులో దోపింది. మాల తీసినాక చూద్దామని.

… మొన్న ఆడికృత్తికకు కావడి చెల్లించి మాల తీసేసినాడు కదా. ఈ పొద్దు వాడు రైలెక్కినాక దానికి గుర్తొచ్చింది. ఎవురు పోయినారో ఏమో, తలకు పోసుకోవాల అని ఏడుస్తా తెచ్చి ఇచ్చింది. ఇంగ్లీషులో ఉంటే పోస్టుమాస్టరు సారు కాడికి తెచ్చినా. సారు ఇక్కడే ఉండాడు, నా పక్కనే.

… గుండె వాచి ఉందంట. పరుగు మాటే ఎత్తొద్దని రాసినాడు. మెట్లు కూడా ఎక్కొద్దంట. వెంటనే పిల్చుకురమ్మన్నాడు… వెంటనే అనేదానికి కింద గీత గీసినాడు.

… ఎక్కినాడే. నేనే ఎక్కించినా. మున్నూట అరవైఐదు మెట్లు, భుజాన కావడితో.

… ఏమీ కాలేదు అనొద్దు, పెరుమాళ్ళూ. కొండ దిగి వచ్చినాక వాడి గోళ్ళు నీలంగా ఉన్నాయి. పెదాలు కూడా. నేను చూసినా. రంగులద్దేవోడి ఇంట్లో నీలం యాడ అంటుకోదు… సబ్బు పెట్టి రుద్దుకోరా, కప్పు తీసుకునే చేతులు అవి, అని తిట్టినా.

రుద్దినాడురా… బావి కాడ కూర్చోని పీచుతో రుద్దినాడు. పోలేదు నాయినా అన్నాడు.

… ఇప్పుడు తెలస్తా ఉండాది. మాల వేసినప్పటి నుంచి మీ అక్క వాణ్ణి రంగుతొట్టి దగ్గరికే రానీలేదు. నెలన్నరగా రంగు ముట్టనోడికి నీలం యాడిది?

… సరే, సరే. ఇప్పుడు యాడుండాడు? … కిటికీలో నుంచి కనిపిస్తా ఉండాడా… బూట్లు కట్టుకుంటా ఉండాడా. పిలువు. గట్టిగా పిలువు…

… వినపళ్ళేదా. మేళం వాయిస్తా ఉండారా… చెయ్యి ఊపితే? … వాడూ ఊపినాడా. మామ సంతోషంతో ఊపుతా ఉండాడనుకున్నాడురా వాడు.

నువ్వే పరిగెత్తు. ఫోను పెట్టేయొద్దు, బల్ల మీద వదిలిపెట్టి పో. ఆదిమూలం సారుతో చెప్పు… కప్పు వెనక్కి తీసుకుంటే తీసుకోమను, నేనేమీ అనుకోను. పో.

…

పరిగెత్తి పోయినాడు సార్… మేళం వినిపిస్తా ఉండాది…

… విజిలు. మైకులో ఏమో చెప్తా ఉండారు… గోపాలన్ అంటా ఉండారు… మొదటి రౌండు అంటా ఉండారు సార్.

… అమ్మా? … మూడు నిమిషాలు అయిపోయిందా. ఇంకో మూడు ఇయ్యండమ్మా. లైను మాత్రం కట్ పణ్ణాదీంగ, తెంచొద్దమ్మా… పిల్లోడి సంగతి.

… రెండో రౌండంట. చప్పట్లు కొడతా ఉండారు… మావాడే ముందర ఉండాడంట.

సార్… ఆ కవరు ఒకసారి ఇట్లా ఇయ్యండి. … ఈ నలుపులో గీతలుండాయి, చూడండి. పూసింది కాదిది. బొటనవేలు గీతలు. … ఆ పొద్దు నేను తొట్టిలో నల్లరంగు కలుపుతా ఉండా. పోస్టుమేను ఏమో ఇచ్చినాడు. తడిచేత్తోనే తీసుకోని కిటికీలో పెట్టినా. పనిలోపడి మరిచేపోయినా… నా వేలే సార్ ఇది.

…

ఏమి, చప్పట్లు నిలిచిపోయినాయి? … మేళం కూడా.

హలో… ఎవురన్నా ఉండారా ఆడ… హలో…

… పెరుమాళ్ళూ. రేయ్, ఆయాసపడొద్దు, నిదానంగా చెప్పు. అందినావా వాడికి?

… మూడో రౌండులోనా.

… నీళ్ళు చల్లినారా… కండ్లు తెరిచినాడా?

… … ఏడవొద్దు. నువ్వు ఏడవొద్దురా, నా మాట విను. వాడి చెయ్యి పట్టుకున్నావా? … గోళ్ళు చూసినావా? …

— అమ్మా, ఒక్క మాట, ఒక్క మాటమ్మా… పెరుమాళ్ళూ, వాడి గోళ్ళు ఏ రంగుండాయిరా? … చెప్పు… హలో… హలో…