ఇసుక డబ్బాలో మోగిన వాచీ

మధ్యాహ్నం. ఫోన్లూ వాచీలూ బాగుచేసే చిన్న కొట్టు. బల్లకి అవతల కొట్టు నడిపే పెద్దావిడ, ఇవతల అప్పుడే దూసుకొచ్చిన ఒకాయన.

"ఎత్తవేమ్మా? మోగుతోంది కదా! ఆ డబ్బాలోంచే మోగుతోంది!"

"ఎవరి వాచీయో మోగితే నేనెందుకు ఎత్తుతానండీ? ముందు కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. ఇదిగో, నా ఫోన్లోంచే చేస్తున్నాను. కట్ చేశా. ఆగిందా? మళ్ళీ చేస్తున్నా. మోగిందా? అది మా ఆవిడ వాచీ. పొద్దున్నుంచీ చుక్క ఈ కొట్టు మీదే కూర్చుంది. కదిలితే ఒట్టు."

"ఏం చుక్క?"

"మ్యాపులో చుక్క. వాచీ ఎక్కడుంటే అక్కడ చూపిస్తుంది. బడిలో తల్లుల మీటింగంది. ఈ కొట్టు బడి వెనకే కదా, బడిలోనే ఉందనుకున్నా. ఇందాక మ్యాపు దగ్గరికి లాగి చూస్తే, బడి కాదు, నీ కొట్టు! ఏదీ మా ఆవిడ?"

"వాచీ ఇచ్చి వెళ్ళింది."

"ఎక్కడికి?"

"రిపేరుకిచ్చినవాళ్ళు ఎక్కడికి పోతున్నారో నేను ఆరా తీస్తానా బాబూ?"

"ఎప్పుడొస్తానంది?"

"రిపేరయ్యాక."

"ఎప్పుడవుతుంది?"

"అదే చూస్తున్నా. ఆగండి! ఆ డబ్బాలో చెయ్యి పెట్టకండి. చెయ్యి తియ్యండి ముందు!"

"నా వాచీ నేను తీసుకుంటే నీకేంటి?"

"ఇందాక మీ ఆవిడదన్నారు."

"కొన్నది నేను."

"సరే, మీదే. వంగి చూడండి. చేత్తో కాదు, కళ్ళతో. బ్యాటరీ ఉబ్బి అద్దాన్ని మధ్యలో ఎలా పైకి తోస్తోందో చూశారా? ఏ నిమిషాన పగులుతుందో తెలీదు. అందుకే ఇసుకలో పెట్టా. మంటొచ్చినా ఆ డబ్బాతోనే పోతుంది."

"ఉబ్బితే పీకేసి కొత్తది వెయ్యి. దానికి పొద్దున్నుంచీ ఏం చేస్తున్నావ్? గోళ్ళు గిల్లుకుంటున్నావా?"

"అద్దం రావాలి కదండీ. చుట్టూ ఎవరో గమ్ము పోశారు. వేలికి అంటుకుంటే తోలు ఊడొచ్చే గమ్ము. లోపల బ్యాటరీ ఉబ్బుతుంటే పైన అద్దం అంటించి నొక్కేస్తే అదెటు పోతుంది? కిందికి పోయింది."

"కిందికంటే?"

"చేతిలోకి. వెనక మూత వంగిపోయి మణికట్టులో దిగింది. అక్కడ కాలిపోయి చర్మం లేచిపోయింది. మీరు చూళ్ళేదా?"

"మంటా గింటా అంది. దానికి రోజూ ఏదో ఒక నస."

"గమ్ము ఎవరు పోశారు?"

"నేనే. అద్దం ఊగుతోంది, అద్దం ఊగుతోందని ప్రాణం తీస్తుంటే."

"అప్పుడే నాలాంటివాళ్ళ దగ్గరికి తెచ్చుంటే అయిపోయేది."

"మీ దగ్గరికి తెస్తే ఈరోజు రా, రేపు రా అంటారు. అన్నాళ్ళూ?"

"అన్నాళ్ళూ ఏంటి?"

"ఏం లేదు. అవును, పట్టీ కోసేశావేంటి? బాగున్న పట్టీని కోసేసింది చూడు!"

"కొక్కెం ఊడలేదు. అందులోనూ గమ్మే ఉంది."

"అది... ఊరికే ఊడిపోతుండేది."

"ఎవరికి?"

"ఏంటి?"

"ఊరికే ఎవరికి ఊడిపోతుండేది అని అడుగుతున్నా."

"ఇదిగో, నోరు లేస్తోంది నీకు. రిపేరు చేసేదానివి రిపేరు చూసుకో."

"రిపేరు చెయ్యాలంటే ఎలా పాడైందో తెలియాలి కదా. స్నానానిక్కూడా తీసేది కాదన్నమాట."

"నీళ్ళకి ఏమీ కాదు దానికి."

"పడుకున్నప్పుడు?"

"నిద్దట్లో ఒంట్లో బాగోకపోతే నాకు తెలియాలా వద్దా? దాని మంచికే."

"మరి ఛార్జింగు?"

"పిన్ను పెట్టే చోటు వాచీ పక్కనే ఉంది కదా. గోడ దగ్గర కూర్చుంటే అదే ఎక్కుతుంది. చేతినుంచి తియ్యాల్సిన పనేముంది?"

"గోడ దగ్గర కూర్చుంటే."

"ఆఁ."

"వైరు చేతికి తగిలించుకుని. రోజూ."

"ఏం, కొంపలేమన్నా మునిగిపోతాయా కాసేపు కూర్చుంటే? టీవీ చూసుకుంటూ కూర్చుంటుంది."

"ఇది చిన్నపిల్లలకి కొనే రకం, తెలుసా మీకు? బడికెళ్ళే పిల్లలు తప్పిపోకుండా కట్టేది."

"తెలిసే కొన్నా. నువ్వు అద్దం ఊడదీస్తావా, నన్ను ఊడదీయమంటావా?"

"వేడి చెయ్యాలి. వేడి చేస్తే గమ్ము కరుగుతుంది. కానీ వేడెక్కువైతే బ్యాటరీ పేలుతుంది. నెమ్మదిగా చెయ్యాల్సిన పని."

"నువ్వు అసలు చేస్తేగా నెమ్మదిగానో గబగబానో! వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా, ఆ స్క్రూడ్రైవరు ఇటుది అటు పెడుతున్నావ్, అటుది ఇటు పెడుతున్నావ్. మాటిమాటికీ ఆ గోడగడియారం చూస్తావేంటి? ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు."

"నా చెవిలో పువ్వులు పెట్టకు. అది ఇక్కడికే వస్తుంది కదా? సరే, రానీ. నేనిక్కడే ఉంటా. వచ్చాక చెప్తా దాని సంగతి. నాకు చెప్పకుండా, నన్నడక్కుండా, పట్టీ కోయించుకుని..."

"మీ ఫోన్ మోగుతోంది."

"వినిపిస్తోంది... ఆఁ అమ్మా, చెప్పు. లేదు, ఇక్కడ లేదు. ఏదో రిపేరు కొట్టు. వాచీ ఇక్కడ పడేసి ఊరు తిరుగుతోంది నీ కోడలు... వస్తుందిలే, ఎక్కడికి పోతుంది? చేతిలో ఫోన్ లేదు, చెప్పుకోడానికి దిక్కు లేదు... ఏంటి? నెమ్మదిగా చెప్పు. పిల్లదేంటి? కొక్కేనికి ఉందా? యూనిఫాం ఇంట్లోనే ఉందా? మరి పిల్ల బడికి ఏం వేసుకెళ్ళింది?... నువ్వు చూడవా? ఇంట్లోనే ఉండి అంతమాత్రం చూడవా? కళ్ళేం చేస్తున్నాయ్? బీరువా తెరువు. తెరువు ముందు... పిల్ల బట్టలు? స్వెట్టరు? అదీ లేదా?... ఏడవకు. ఏడవకు అంటున్నానా! పెట్టెయ్."

"మంచినీళ్ళు ఇవ్వనా?"

"నీకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నీకు తెలుసు! పొద్దున్న పిల్ల కూడా వచ్చిందా దానితో? చెప్పు! వచ్చిందా లేదా?"

"బల్ల బాదకండి. ఉబ్బిన బ్యాటరీ ఉంది దాని మీద."

"పగలనీ! నీ కొట్టంతా తగలబడిపోనీ! నా పిల్ల ఎక్కడ?"

"అరవకండి. అన్నయ్యా! ఓ టైలరన్నయ్యా! కాస్త ఇటొచ్చి కూర్చో."

"ఎవర్ని పిలుస్తున్నావ్? నేనేమన్నా నిన్ను కొట్టానా?"

"నన్ను కొట్టలేదు. వచ్చావా అన్నయ్యా? అదిగో, ఆ తలుపు దగ్గర స్టూలు లాక్కో."

"ఏమ్మా, ఏంటి గొడవ? ఈయనేనా?"

"ఈయనే."

"ఈయనేనా అంటే ఏంటి? నా గురించి మీరేం మాట్లాడుకున్నారు? ఎవడయ్యా నువ్వు?"

"పక్క కొట్టు టైలర్నండీ. పొద్దున ఆ పట్టీ కోసింది నా కత్తెరతోనే. ఆ పసిది అమ్మ చెయ్యి చూసి, ఇంక నొప్పి లేదు కదమ్మా అనడిగింది. మీరు మాత్రం గొంతు తగ్గించండి."

"అంటే పిల్ల వచ్చింది! చూశావా, వచ్చింది! అబద్ధాలకోరుదానా, రిపేరుకిచ్చి వెళ్ళింది, తిరిగొస్తుంది అని గంటనుంచీ నన్నిక్కడ..."

"తిరిగొస్తుందని నేననలేదు. రిపేరయ్యాక అన్నాను."

"పోలీసు కంప్లైంటిస్తా. పెళ్ళాన్నీ పిల్లనీ దాచారని ఇద్దరి మీదా ఇస్తా."

"ఇవ్వండి. చెయ్యి కాలిన ఫొటోలు నేనే తీశాను. పనికొస్తాయి."

"ఏం కాలిందని! వాచీ పాడైతే కాలింది! నేను కాల్చానా? వాచీ కట్టడం తప్పా? ఎక్కడుందో తెలుసుకోవాలనుకోవడం తప్పా? నేను దాని మొగుణ్ణి!"

"చెల్లెమ్మా, నీ ఫోన్ మోగింది."

"చూస్తున్నా అన్నయ్యా."

"ఏంటా మెసేజ్? ఎవరు? ఎవరు పంపారు? ఇటివ్వు!"

"కూర్చోండి బాబూ. కూర్చోండి అంటున్నానా! ఆఁ. అన్నయ్యా, ఆ పట్టకారు ఇటందుకో. ఇంక విప్పేస్తా."

"ఏంటి విప్పేది?"

"దీన్నే. బ్యాటరీ పీకేస్తే అయిపోతుంది. అద్దం పగలగొట్టైనా తియ్యొచ్చు, నిమిషం పని."

"నిమిషం పనా? మరి పొద్దున్నుంచీ ఏం చేస్తున్నావ్? పేలుతుంది, తగలబడుతుంది అన్నావ్, అంత ప్రమాదమైతే వచ్చీరాగానే ఎందుకు ఆపెయ్యలేదు? ఇదేనా నువ్వు చేసే రిపేరు?"

"బాగుచెయ్యమని ఇవ్వలేదండీ. వాళ్ళిద్దరూ చేరేదాకా దీన్ని ఆపొద్దని ఇచ్చింది."