పద్దెనిమిదికి పద్దెనిమిది

పెళ్ళయి మూడు నెలలైంది. సాయంత్రం, పెళ్ళితోపాటే వచ్చిన సవతి కూతురి స్కూలు సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి ఆమె కడుగుతోంది. కళ్ళజోళ్ళ షాపు పెందలాడే మూసేసి, భర్త రెండేసి మెట్లెక్కుతూ వచ్చాడు.

"ఏమోయ్! ఎక్కడున్నావ్? గెలిచాం!"

"మెల్లగా అండీ, పక్కింటివాళ్ళు పరిగెత్తుకొస్తారు. ఏం గెలిచాం?"

"డాక్టరుగారి దగ్గర్నుంచి ఫోన్. టీచర్ నింపిన స్కూలు ఫారం వచ్చిందట, పద్దెనిమిది ప్రశ్నలు. పద్దెనిమిదికి పద్దెనిమిదీ ‘ఎప్పుడూ లేదు’! సీట్లోంచి లేస్తుందా? ఎప్పుడూ లేదు. పక్కవాళ్ళని కదిలిస్తుందా? ఎప్పుడూ లేదు. మన పిడుగుకి ఆ కుదురులేని జబ్బు, ఏడీహెచ్‌డీ లేదు, గీడీహెచ్‌డీ లేదు!"

"నిజంగానా! చేతులకి సబ్బుంది కానీ, లేకపోతేనా... ఉండండి. డాక్టరమ్మే అన్నారా, లేదని?"

"అంటారు. రేపు పదకొండింటికి రమ్మన్నారు. మన ఇంటి ఫారం కూడా తెమ్మన్నారు. దాంతో ఒక చిన్న పనుంది."

"దాంతో ఏం పని? మీరు సంతకం కూడా పెట్టేశారు."

"చదవకుండా పెట్టాను. ఇవాళ షాపులో చదివితే తల తిరిగింది. పదహారు చోట్ల ‘చాలా తరచుగా’ అని పెట్టావ్!"

"ఉన్నదే పెట్టాను. నిన్న మీ చెప్పు ఎక్కడ దొరికింది?"

"...ఫ్రిజ్‌లో."

"పాలగిన్నె పక్కన. హాయిగా చల్లబడుతోంది పాపం. నవ్వకండి! నేనూ నవ్వాననుకోండి. కానీ ఎప్పుడు పెట్టిందో దానికే తెలీదు. మొన్న లెక్కలు చేస్తూ ఏడ్చిందండీ. రాక కాదు, కూర్చోలేక."

"సరేలే. కొంచెం తగ్గించు. ‘అప్పుడప్పుడు’ అని పెట్టు. రెండు ఫారాలూ కలిపి చూస్తారట."

"కలిపి చూడడమంటే రెండూ ఒకేలా ఉండాలనా?"

"ఒకటి తెలుపు, ఒకటి నలుపు అయితే ఎవరో ఒకరు అబద్ధం చెప్పినట్టే కదా. అక్క ఫోన్‌లో ఏమందో తెలుసా?"

"తెలుసు. నాతోనూ అన్నారు వదిన."

"ఎప్పుడు? ఏమని?"

"ఏమీ లేదు. వదిలేయండి."

"‘సవతి తల్లి, వచ్చీరాగానే పిల్లకి జబ్బు అంటగడుతోంది’ అనేగా? నలుగురి నోళ్ళు నేను మూయగలనా? నీకోసమే చెప్తున్నా."

"ఉన్నది రాస్తే సవతి తల్లిని. దిద్దితే మంచి అమ్మని. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో పెన్ను. నేను దిద్దితే దానికి సాయం చేసేదెవరు? ఏటేటా ‘అల్లరిపిల్ల’ అని తిట్లు తింటుంది."

"అలా అనకు."

"మీ షాపుకొచ్చినాయన కుడికంటితో అక్షరాలన్నీ చదివి, ఎడమకంటితో తడబడితే ఏం చేస్తారు? ఎడమ కన్ను అబద్ధమాడుతోందంటారా?"

"...ఒక్కో కన్నూ మూయించి మళ్ళీ చూస్తా."

"మరి! అయినా మీరు దాన్ని చూసేదెప్పుడు? రోజూ మీరొచ్చేసరికి పడుకునుంటుంది. నిద్రపోయే పిల్ల ఎవరికైనా బంగారమే."

"నిద్రలో కూడా కాళ్ళాడిస్తుంది..."

"ఆఁ, ఒప్పుకున్నారు!"

"ఒప్పుకోలేదు. పోనీ ఇదొక్కటి తీసెయ్. ‘రోజువారీ పనులు మరచిపోతుంది’."

"ఎలా తీస్తాను? ఇదిగో సాక్ష్యం. పొద్దున నింపిచ్చిన సీసా, చుక్క తగ్గలేదు. నెల రోజుల్నుంచీ ఇంతే. నీళ్ళు తాగడం కూడా మరచిపోతోందండీ."

"పిన్నీ! పిన్నీ! నాన్న వెలుతురుండగానే వచ్చేశాడు! పిన్నీ, నా సాక్సు ఒకటి ఎగిరిపోయింది. నాన్నా, చీమలకి మోకాళ్ళుంటాయా?"

"ముందు ఆ కుర్చీ మీంచి దిగు తల్లీ. స్కూల్లో అసలు సీట్లోంచి లేవవటగా?"

"లేవను. టీచర్ రోజూ స్టార్ ఇస్తారు. ‘మా బొమ్మ, కదలదు’ అంటారు."

"విన్నావటోయ్? మరి ఇంట్లో ఏంటే ఈ గెంతులు?"

"ఇంట్లో ఖాళీ ఉందిగా."

"ఖాళీ ఏంటి బంగారం? ఇలా రా, పిన్నికి చెప్పు."

"అక్కడ ఇటు గోడ, అటు బీరువా. నేను లోపలికెళ్ళాక టీచర్ తన బల్ల అడ్డంగా జరుపుతారు. చివరి బెల్లుకి తీస్తారు. టిఫిన్ డబ్బా కూడా అక్కడికే ఇస్తారు."

"రోజూనా?"

"నేను బొమ్మనైనప్పట్నుంచీ. పిన్నీ, గోడకి సున్నం గీకితే ఏనుగొచ్చింది! చెవులు కూడా ఉన్నాయి. ఎవరికీ చెప్పకేం?"

"ఏవండీ... పెన్ను నా చేతిలోనే ఉంది. చెప్పండి. ఏది దిద్దమంటారు?"

"చివరి బెల్లు దాకానా!"

"చెప్పండి."

"ఏదీ దిద్దకు. రేపు షాపు తియ్యను. తొమ్మిదింటికి ముగ్గురం స్కూలుకెళ్దాం. ఆ మూలలో నేను కూర్చుంటా, నాకు బల్ల ఎవరు అడ్డం పెడతారో చూస్తా. పదకొండింటికి రెండు ఫారాలూ డాక్టరమ్మకిచ్చి, ఆ మూల సంగతీ చెబుదాం."

"నాన్నా, నువ్వు అందులో పట్టవు! బల్ల తీసేస్తారా మరి?"

"తీయిస్తా తల్లీ. రేపే."

"అయితే పిన్నీ, రేపట్నుంచి సీసాలో నీళ్ళు తాగొచ్చా? బాత్రూముకి దారుంటుందిగా!"