పచ్చబొత్తానికి పుల్ల పెట్టిన కుళ్ళాయప్ప

రాండి రాండి, దగ్గరికి జరగండి. గోడవార కూర్చున్నోళ్ళు కూడా ముందుకు రాండి, నా గొంతు అంత దూరం రాదు. కూర్చున్నారా? ఓబుళమ్మని ఒకామె ఉండేదంట. మొగుడు కుళ్ళాయప్ప. వాళ్ళకుండేది ఒక బావి, దాని గట్టున ఒక మోటారు, ఆ మోటారును నమ్ముకున్న శనక్కాయ చేను. పోయినేడు ఆ మోటారు కాలిపోయి, లోపలి తీగంతా విప్పి మళ్ళా చుట్టించి తెచ్చేసరికి సగం చేను ఎండిపోయింది. ఈ ఏడు సరిగ్గా పూత రాలి ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేసింది. ఇప్పుడు మోటారు కాలిందా, ఇంక చేను లేనట్టే అనుకో.

ఏమైందంటే, ఆ పొద్దు గాలి ఈడ్చి కొడతాందంట. కుళ్ళాయప్ప స్టార్టరు పెట్టె మీది పచ్చబొత్తాం నొక్కుతాడు, మోటారు తిరుగుతాది, నీళ్ళు పడతాయి. చేలోకి నీళ్ళు మళ్ళించే మడవ దాకా పోయేలోపల ఆ పెట్టె టక్‌మంటాది, మోటారు నిలబడిపోతాది. మళ్ళా వస్తాడు, మళ్ళా నొక్కుతాడు, మళ్ళా పోతాడు, మళ్ళా టక్. "పనికి ఒళ్ళు వంగదా నీకు?" అని ఆ పెట్టెను తిట్టి, ఒక వేపపుల్ల విరిచి, బొత్తాం పైకి లేవకుండా అడ్డం పెట్టి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టేసినాడంట. "ఇప్పుడను టక్ అని, చూస్తా!" అని మీసం దువ్వుకుంటా పోయినాడు.

అంతలో ఓబుళమ్మ సంగటి గంప నెత్తినబెట్టుకొని వచ్చింది. వచ్చి, బావికాడ అట్లే నిలబడిపోయింది. పిల్లోళ్ళూ, ముగ్గురు ఆడోళ్ళు ఒకే రోట్లో వడ్లు దంచేది చూసినారు కదా? ఒక రోకలి దిగుతాంటే ఇంకోటి లేస్తాంటాది. మోటారుకొచ్చే మూడు తీగల్లో కరెంటూ అంతే, ఒకదాని వెనక ఒకటి వంతులేసుకొని నెడితే లోపలి ఇరుసు గిర్రున తిరుగుతాది. ఒకామె రోకలి వదిలేసి పోయిందనుకో, మిగిలిన ఇద్దరే ఆ బరువంతా మోయాల. ఒళ్ళు కాగిపోతాది. అట్లా కాగేటప్పుడే పెట్టెలో ఉండే చిన్న రేకు వేడికి వంగి, టక్‌మని మోటారును ఆపేస్తాది, తీగ కాలకముందే. బొత్తానికి పుల్ల అడ్డముంటే ఆ ఆపేది జరగదు. ఓబుళమ్మకు రేకు సంగతేం తెలీదు గానీ, దంపుడు సంగతి తెలుసు. మూడు రోకళ్ళ వరస తప్పి ఇద్దరు రొప్పతాన్నట్టు వినపడిందంట ఆమెకు. పైగా తీగ మీది లక్క పూత కాలిన వాసన. గంప దించి, ఒక్క ఉరుకున పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది.

కుళ్ళాయప్ప పరిగెత్తుకొచ్చినాడు. "ఏమే, చేను ఎండిపోతాంటే నీళ్ళాపితివే!" అంటే, "మోటారు కాలిపోతే నీ మీసంతో తోడతావా? వాసన చూడు ముందు" అనింది. చూసినాడు. మొహం మాడిపోయింది. "మాటిమాటికీ టక్ అని ఆగిపోతాంటే పుల్ల పెట్టినా" అన్నాడు. "ఆ పెట్టె నొప్పి నొప్పి అని మొత్తుకుంటాంటే, నువ్వు దాని నోరు కట్టేస్తివి గదయ్యా" అని ఓబుళమ్మ తలకొట్టుకుందంట.

కబురు పెడితే లైన్‌మన్ ఇమాంసాబు వచ్చినాడు. లైను ఆపి, స్తంభమెక్కి చూస్తే, మూడిట్లో ఒక తీగ బిగింపు వదులై గాలికి తగులుతా వదులుతా ఉంది. బిగించి దిగినాడు. స్టార్టరు చూసి, "బొత్తానికి పుల్ల పెట్టిందెవరమ్మా?" అన్నాడు. కుళ్ళాయప్ప నేల చూపులు చూస్తాన్నాడు. మొగుణ్ణి చూసి పాపమనిపించింది ఆమెకు. "గాలికొచ్చి పడింటాదిలే అన్నా" అనింది. "ఓహో! గాలే సైకిలు ట్యూబుతో ముడి కూడా వేసిందా తల్లీ?" అన్నాడంట ఇమాంసాబు. ముగ్గురూ పడీపడీ నవ్వినారు. పుల్ల తీసి బొత్తాం నొక్కితే, వరస తప్పని దంపుడు మాదిరి మోటారు పాడింది. చేను తడిసింది.

ఆ ఏడు కాయ బాగానే దిగిందంటలే. అప్పట్నుంచీ కుళ్ళాయప్ప తిండి మానుకొని ఎండలో పని చేస్తాంటే, ఓబుళమ్మ గట్టు మీద నిలబడి "టక్!" అంటాదంట. అంతే, ఆ మొండోడు పార కింద పెట్టి వచ్చి సంగటి ముందు కూర్చుంటాడు. ఊఁ, మీ అమ్మలు కూడా గడపల్లో నిలబడి చూస్తాంటారు. టక్! లేయండి, పోయి అన్నాలు తినండి.