నడిమి సీటు

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే తోవలో సేవా సమితి బండి. తోలుతున్నది సమితి కార్యదర్శి జలపతి. నడిమి సీట్లో, ఒళ్లో బీడీల చాట పెట్టుకొని చిన్నవ్వ. గల్ఫ్‌లో మనిషి పోతే ఆ మాటను ఇంటివాళ్లకు మెల్లగా చేరవేసే పని ఏడాదిగా ఈ ఇద్దరిదే. అలాంటి పని పగవాడికి కూడా వద్దు. ఇవాళ ఎల్లారెడ్డిపేటలో ఒక ఇంటికి పోవాలని చెప్పి జలపతి పొద్దున్నే వచ్చి ఆమెను ఎక్కించుకున్నాడు.

“మల్ల అడుగుతున్నవ్. తిన్న అని చెప్పలేనా? రాత్రి బువ్వల ఇంత తొక్కు కలుపుకొని తిన్న. గిప్పటికి నాలుగుసార్లు అడిగినవ్ జలపతీ.”

“ఊకెనే అడిగిన అవ్వా. దూరం పోవాలె గద.”

“నీకు అలవాటయింది. కనవడ్డోళ్లనల్ల తిన్నవా తిన్నవా అంటున్నవ్. రేపు పెండ్లికి పోతే పెండ్లిపిల్లను గూడ గదే అడుగుతవ్.”

“నువ్వు నేర్పిందే గద. ముందుగాల కడుపుల ఇంత పడాలె, అటెంకనే మాట చెప్పాలె అని.”

“మరి? ఖాళీ కడుపు మీద గసొంటి మాట పడితే మనిషి లేవది. మా ఆయన మస్కట్‌ల పోయిననాడు నేను పొద్దటిసంది ఏం తినలే. మడిల నాటేస్తున్న. గట్టు మీదికెల్లి ఒగడు అర్సిండు, ‘చిన్నవ్వా, నీ పెనిమిటి సచ్చిపోయిండట’ అని. గా బురదల్నే కూలవడ్డ. ఇంకెవలకూ గట్ల చెప్పద్దనే గద నేను మీ సమితిల చేరింది.”

“ఎరుకే అవ్వా.”

“గింతకు పోయినోని పేరేంది? చెప్పకపోతివి.”

“చెప్త. సిరిసిల్ల దాటినంక చెప్త.”

“ఎప్పుడు బండెక్కంగనే చెప్తవ్. పేరు, వయసు, పిల్లలెంతమంది, అన్నీ.”

“ఇద్దరు పిల్లలు. ముప్పై ఏండ్లు గూడ నిండలే పిలగానికి.”

“అయ్యో. పిలగాడే ఇంక. ఎట్ల పోయిండు?”

“పని కాడ. జర అద్దం దించుకో అవ్వా, గాలి అస్తది.”

“గాలికేం గాదు. గీ నడిమి సీట్ల కూసుంటే నాకు కడుపుల తిప్పుతది. ముందట కూసుంటనంటే ఎందుకొద్దంటివి?”

“ముందట కృపారాణి సిస్టర్ కూసుంటది. సిరిసిల్లల ఎక్కుతది.”

“నర్సమ్మనా? నర్సమ్మ ఎందుకు?”

“బీపీ చూడనీకి. పోయినోనికి తల్లి ఉన్నది. పెద్దమనిషి.”

“తల్లి ఉన్నదా? అయ్యో, దాని గతేంగాను. మొగన్ని పోగొట్టుకున్నది ఏడ్చి ఏడ్చి ఒకనాడు ఊకుంటది, పిల్లల మొఖాలు చూసుకొని. కొడుకును పోగొట్టుకున్నది ఎవల మొఖం చూసి ఊకోవాలె? గా తల్లికి నేను చెప్ప జలపతీ. పెండ్లానికైతే చెప్త. తల్లికి నువ్వే చెప్పు.”

“సరె అవ్వా. నేనే చెప్త.”

“నా ఫోన్ చార్జింగ్ అయిందా? ఇటియ్యి, మహిపాల్‌కు కొడ్త. మూడొద్దులాయె నా కొడుకు మాట్లాడక. డ్యూటీ మారిందటనో ఏందో.”

“ఇంక కాలేదు. ఉండనియ్యి, అటెంక చేద్దువు.”

“సరె తియ్యి. గిప్పుడు వాడు పని మీదనే ఉంటడు. వెనుక బియ్యం ఎక్కించినవా?”

“ఎక్కించిన. బస్త బియ్యం, పప్పు, నూనె.”

“గంతే ఇంక మనతోని అయ్యేది. గదో, గది కోనరావుపేటకు మలిగే తొవ్వ గద? కల్పన ఎట్లున్నదో.”

“యాది చెయ్యకవ్వా గదంత.”

“ఎందుకు చెయ్యద్దు? దాని మొగడు భూమేశ్ పోయిండని మనకు పొద్దుగాల్లనే ఎరుక. మనం బస్తలు సదురుకొని బైలెల్లెవరకు పది కొట్టింది. గంతల్నే సమితి గ్రూపుల పోస్టర్ పెట్టిరి. భూమేశ్ ఫోటోకు దండేసి, కన్నీటి శ్రద్ధాంజలి అని రాసి, కింద మీ అందరి పేర్లు, మీ అందరి ఫోటోలు. గా పిల్ల బతుకమ్మ పేర్చుకుంట కూసున్నది. తంగేడు పువ్వు చేతులనే ఉన్నది. ఫోన్ సప్పుడైంది, చూసింది.”

“గా పోస్టర్ పెట్టమన్నది నేనే అవ్వా.”

“నాకెరుక లేదనుకున్నవా?”

“సంతాపం జల్ది పెట్టకపోతే దుబాయిల ఉన్నోళ్లు అడుగుతరు, మీకు సోయి లేదా అని. గంతే ఆలోచన చేసిన. ఇంటిదానికి ఇంక చెప్పలేదన్న సంగతే మరిచిన. తప్పయింది.”

“తప్పే. గిప్పటికి గా పిల్ల ఫోన్ మోగితే చెవులు మూసుకుంటది. గప్పటిసంది గద, ఏదో ఒక సాకు చెప్పి ముందుగాల ఇంటోళ్ల ఫోన్లు తీసుకోమని నేను చెప్పింది.”

“అవునవ్వా. నువ్వే చెప్పినవ్.”

“సిరిసిల్లల రాజం ఇంటి మీదికెల్లి తోలకు. వాని పెండ్లాం మొఖం నేను చూడలేను.”

“గా గల్లీకి పోం.”

“మూడు నెలలు సాంచెలు బందున్నయ్, బట్ట నేసుడు లేదు, ఇంట్ల పొయ్యి ఎలుగలే. మనం పోయి బియ్యం ఇచ్చినం. ‘అన్నా, బియ్యం వద్దు, ఏదన్న పని ఇప్పియ్యుండ్రి’ అన్నడు. నువ్వేమన్నవ్?”

“అవ్వా...”

“‘రాజం, జర ఇటు చూడు, ఫోటోకు’ అన్నవ్.”

“దాతలు అడుగుతరవ్వా. ఫోటో లేకుంటే వచ్చేసారి ఎవలిస్తరు?”

“ఇరువై దినాలకు మల్ల పోయినం. మల్ల గదే బియ్యం బస్త. గాసారి ఫోటోల రాజం లేడు.”

“నాకు నిద్ర పట్టలే అవ్వా వారం దినాలు.”

“రాజం పక్క సాంచె మీదనే మా మహిపాల్ పనిచేసెటోడు. సాంచెలు బందయినంకనే వాడు ఇమానం ఎక్కింది. నేను వద్దన్న. తండ్రిని మింగిన దేశం వద్దురా అన్న. ‘ఈడ ఉండి ఏం చెయ్యాలెనే అవ్వా’ అన్నడు. రాజం గట్ల చేసినంక అనుకున్న, పోనీ తియ్యి, నా కొడుకు పోయే బతికిండు అని.”

“జర ఉండవ్వా, తొవ్వ చూస్తున్న.”

“వెల్గటూర్ల రాధమ్మ ఇల్లు కూలితే మన జగిత్యాల సమితోళ్లు టార్పాలిన్ ఇచ్చిరి. వానకాలం పాయె, చలికాలం పాయె, ఎండలు గొడుతున్నయ్. ఇంక గదే టార్పాలిన్ కింద ఉన్నది. ఏడాదిల ఒక్క ఇంటినన్న నిలవెట్టినమా జలపతీ?”

“నిలవెట్టలే.”

“నిన్ను తిడుతలేను. ఊకెనే అడుగుతున్న.”

“తిట్టినా మంచిదే అవ్వా. నేను గూడ గదే అనుకుంట. సావు ఎనుక సావు, మనం ఎనుకెనుక బస్తలు మోసుకుంట తిరుగుడు. బందు చేద్దామనుకుంట. మల్ల ఎవలో ఒకలు ఫోన్ చేస్తరు.”

“బందు చేస్తే ఎట్ల? గట్టు మీదికెల్లి మల్ల అర్సుడు మొదలువెడ్తరు. ఆఁ, ఎములాడ అచ్చింది. గుడి ముంగట జర ఆపు.”

“ఎందుకవ్వా?”

“ఎందుకేంది? రాజన్నకు మొక్కి అస్త. వచ్చే నెల మహిపాల్ అస్తడు. చిన్నదాన్ని వాడింక కండ్లతోని చూడలే, పోయినంక పుట్టె గద. అన్నీ ఫోన్లనే. బిడ్డను ఎత్తుకోవాలె అని బతిలాడి బతిలాడి నెల దినాల లీవు అడిగిండట. దాని పుట్టెంటికలు గీడనే తీపియ్యాలె, కోడెను కట్టాలె. ముందుగాల ఓ టెంకాయ కొట్టి దేవునికి చెప్పుకుంట.”

“వద్దవ్వా.”

“పది నిమిషాలు గూడ పట్టది.”

“ఇయ్యాల వద్దు. టైం లేదు.”

“రాజం ఇంటికి పోయిననాడు ఆపినవ్. పోయిన నెల మొగిలవ్వకు మాట చెప్పనీకి పోయిననాడు గూడ ఆపినవ్. టైం ఎన్నడు ఉన్నది మనకు?”

“మంది ఉంటరవ్వా, పార్కింగ్ దొరకది.”

“ఇయ్యాల సోమారం గాదు, మంది ఏడికెల్లి అస్తరు? గదో, జాగ ఖాళీ ఉన్నది. ఆపు.”

“ఆపినా నువ్వు గుడి లోపలికి పోవద్దవ్వా.”

“పోవద్దా?”

“పోవద్దు.”

“ఇంట్ల మనిషి పోయి అంటు ఉన్నోళ్లు గద పోవద్దు గుడికి. మనకేం అంటు ఉన్నది?”

“...”

“జలపతీ. మనకేం అంటు ఉన్నది?”

“ఎండ కొడుతున్నదవ్వా. ఇగో, నీళ్ల సీసా. జరన్ని తాగు.”

“నీళ్లొద్దు. బండి పక్కకు ఆపు.”

“ఆపుతున్న. ఆపుతున్న. ఇగో, ఆపిన.”

“ఇటు తిరుగు. గీ నడిమి సీట్ల మనం ఎవలను కూసోవెడ్తం?”

“అవ్వా...”

“ఎవలను కూసోవెడ్తం? ఎయిర్‌పోర్టుకు శవపెట్టె కోసం పోయేటప్పుడు ఎవలను కూసోవెడ్తం ఈడ? పోయినోని మనిషిని. నా ఫోన్ పొద్దటిసంది నీ కాడనే ఉన్నది. పేరు అడిగితే చెప్పవు. తిన్నవా అని నాలుగుసార్లు అడిగినవ్. గా వెనుక ఉన్న బస్త నాదేనా?”

“అవ్వా, నా మాట ఇను—”

“గా బస్త నాదేనా జలపతీ?”

“మహిపాల్ దవఖానల ఉన్నడవ్వా. పని కాడ పైకెల్లి కింద పడ్డడట. జర సీరియస్ ఉన్నది గని, డాక్టర్లు చూస్తున్నరు—”

“గా దవఖాన నేను కట్టిందే. ‘దవఖానల ఉన్నడు, డాక్టర్లు చూస్తున్నరు’ అని ముందుగాల చెప్పాలె, పానం జర కుదుట పడ్డంక అసలు మాట చెప్పాలె అని నీకు నేర్పింది నేను. ఏడాదిల ఆరుగురిని పండుకోవెట్టినం గా దవఖానల. ఒక్కడన్న లేచి ఇంటికచ్చిండా?”

“రాలేదవ్వా.”

“మహిపాల్ ఎప్పుడు పోయిండు?”

“మొన్న పగటిపూట.”

“మూడొద్దులు. నేను డ్యూటీ మారిందనుకున్న. నిన్న గూడ పక్కింటి కళావతికి గదే చెప్పిన, డ్యూటీ మారిందే అని.”

“వాడేనా కాదా అని గట్టిగ తెలిసేదాంక నీకు చెప్పద్దనుకున్నమవ్వా. రాత్రి ఖాయం చేసిండ్రు. గ్రూపుల ఎవ్వలం పెట్టలే. నా పిల్లల మీద ఒట్టు, ఒక్కలం గూడ పెట్టలే.”

“పోస్టర్ చెయ్యలేదా?”

“చెయ్యలే.”

“మంచి పని చేసినవ్.”

“ఏడువు అవ్వా. గట్ల కండ్లు పెద్దగ చేసి చూడకు, నాకు భయమైతున్నది. ఏడువు.”

“ఏడుస్త. ఏడువనీకి బతుకంత ఉన్నది. గీ చాట అందుకో, ఆకులు కింద పోతున్నయ్. ఓ నా కొడుకా... నా కొడుకా... బిడ్డను ఎత్తుకుంటనంటివి గదరా.”

“సిస్టర్‌ను ఈడికే రమ్మంట. ఫోన్ చేస్తున్న.”

“వద్దు. కోడలు సౌమ్యకు ఎరుకైందా?”

“లేదు. తల్లిగారింట్లనే ఉన్నది. వాళ్ల నాయినకు ఒక్కనికే చెప్పినం. దాని ఫోన్ ఆయన తీసి పెట్టుకున్నడు. అవ్వా, నేను నీకు అబద్ధం ఆడలే. ఎల్లారెడ్డిపేట ఇంటికే పోతున్నం. పెండ్లానికి చెప్పనీకే పోతున్నం. నువ్వు తప్ప గా పిల్లకు ఎవలు చెప్తరు చెప్పు?”

“అవు. అబద్ధం ఆడలే నువ్వు. తల్లికి నువ్వు చెప్తనన్నవ్, చెప్పినవ్. పెండ్లానికి నేను చెప్తనన్న.”

“పానం మంచిగ లేకుంటే వెనక్కి మలుపుత అవ్వా. రేపు పోదాం.”

“రేపటిదాంక ఆగది. ఎవడో ఒగడు అరుస్తడు. గాయనకు ఫోన్ చెయ్యి, సౌమ్య తిన్నదా అడుగు. తినకుంటే తినవెట్టమను. పాలిచ్చే పిల్ల. మీ అత్త ఊకెనే మనుమరాలిని చూడనీకి అస్తున్నదని చెప్పమను.”

“సరె అవ్వా.”

“గా బియ్యం బస్త ఇస్తె ఇయ్యి గని, గా పిల్లను ఫోటోకు నిలవెట్టకు.”

“నిలవెట్ట అవ్వా. పోదామా మరి?”

“పోదాం. మెల్లగ తోలు కొడుకా. మనం పోయేదాంక సౌమ్యకు మొగడున్నట్టే.”