తోమాసా దాచుకున్న అట్ట

ఆ సంచిలోవి పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలేనా? ఏదీ, ఒక అట్ట ఇలా ఇవ్వు. అబ్బో, ఎంత చిన్నవైపోయాయే! రేపటి నుంచి ఊరూరా తిరిగి నువ్వే ఇస్తావన్నమాట. అయితే కూర్చో ఎల్వీరా, మొక్కజొన్నలు ఉడికేదాకా తోమాసా సంగతి చెప్తాను. ఎవరా? మన వెనకింట్లో ఉండేదిలే, మీ అమ్మ చిన్నప్పటి మాట. అది నవ్విందంటే బట్టలుతికే తొట్టి దగ్గర అందరి చేతుల్లో సబ్బులూ జారిపోవాల్సిందే. ఆరుగురు పిల్లలు. ఆరో కాన్పులో రక్తం ఆగక చావు అంచుదాకా వెళ్లొచ్చింది. "ఇంకోటి కడుపున పడితే నావల్ల కాదు తల్లీ" అని మంత్రసాని చేతులెత్తేసింది.

మొగుడు గాస్పర్ మంచివాడే, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కాఫీ కోతలకి సముద్రం వైపు వెళ్లాడంటే మూణ్ణాలుగు నెలలు పత్తా ఉండడు. "ఆయనకి తెలియనివ్వకు టీచరమ్మా, నేను ఊళ్లో లేనప్పుడు నీకివెందుకే అంటాడు" అని తోమాసా బతిమాలితే, నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. నాలుగు గంటల నడక. అప్పుడు మోకాళ్లు ఇలా ఉండేవి కావులే. ఎక్కడున్నాం? ఆఁ, గ్వాటెమాలా సిటీ నుంచి వచ్చిన నర్సు. ఆవిడకి స్పానిష్ తప్ప రాదు, తోమాసాకి మన మాట తప్ప రాదు. మధ్యలో ఆ మాట ఈ మాటలోకి మార్చి చెప్పేది నేను. "రోజుకొకటి, మొగుడు ఇంట్లో ఉన్నా లేకపోయినా, ఒక్క రోజు కూడా మానకూడదు" అంది నర్సు. మా వెనకాలే వరసలో చర్చిలో పాటలు పాడించే ఫెలీసమ్మ, చెవులు ఇంతింత చేసుకుని! ఆవిడ ముందు మొగుడు ఉన్నా లేకపోయినా అని ఎలా అనడం? సిగ్గేసి ఆ ముక్క వదిలేశాను. "రోజుకొకటే, తెలిసిందా?" అన్నాను. తలూపింది. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాను.

క్రిస్మస్‌కి గాస్పర్ నాలుగు రోజులు వచ్చి వెళ్లాడు. సెప్టెంబరు వానల్లో తోమాసాకి నొప్పులు. దారి కొట్టుకుపోయింది. కుర్చీకి కట్టి మోసుకెళ్లారు, వంతెన దాటకుండానే పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు.

ఇల్లు సర్దుతుంటే చిక్కుడుగింజల కుండలో అట్ట దొరికింది. ఖాళీ గుంటలు నాలుగంటే నాలుగు. ఆయనున్న నాలుగు రోజులూ, రోజుకొకటి. నేను చెప్పిన మాట జవదాటలేదే పిచ్చిది. "ఇవేంటి టీచరమ్మా?" అన్నాడు గాస్పర్. తలనొప్పివి అన్నాను. అసలు మాట అప్పుడూ దాటేశాను.

ముప్పై ఏళ్లు బడిలో, పాఠం అప్పజెప్పందే ఒక్క పిల్లనీ గడప దాటనివ్వలేదు. తోమాసాని మాత్రం అప్పజెప్పమనలేదు.

ఏదీ, రేపు వాళ్లకి ఏం చెప్తావో నాకు చెప్పు... ఊహూ, గొణగొద్దు. పక్కింటికి వినపడాలి.