ఇల్లు మోటారుకు నీళ్ళు పోసిన కత

సోలాపూర్ల మా దాజీ పేటల అబద్ధాలకు గిరాకి ఉంటే నేను ఈపాటికి మిల్లు పెట్టేటోన్ని. నా అసలు పని నూలుకు రంగెయ్యడం. ఆ పనిల నాకు పేరేం లేదు. పెంటప్ప వేసిన ఎరుపు మొదటి ఉతుక్కు గులాబీ అయితది, రెండో ఉతుక్కు సిగ్గుపడి ఎల్లిపోతదని గల్లీ అంత అంటరు. నోటితోని వేసే రంగు మాత్రం నాది పక్కా.

పొద్దుగూకి మగ్గాల సప్పుడు ఆగంగనే గంగుబాయి చాయ్ దుకాణం ముంగట బల్ల మీద నాకొక జాగ ఉంటది. ఆ జాగల ఇంకెవరు కూసోరు. అది మర్యాద గాదు. నా పక్కకు కూసుంటే కత మొదలైతదని భయం.

ఆ పొద్దు ఇద్దరే దొరికిన్రు. ఒకడు రాజారాం, కరెంటు మగ్గం మీద పనిచేసే పడుచోడు, నన్ను కాకా అంటడు, అనుకుంటనే గాలి తీస్తడు. ఇంకొకరు సిద్ధరాములు మామ. మా ఇంటికి ఆయనింటికి నడుమ ఒకటే గోడ. ఆ గోడ ఎంత మాట్లాడుతదో మామ సుత అంతే మాట్లాడుతడు.

ఆ పొద్దు నాకు కతతోని పనుండె. మా ఆకిట్ల ఒక చేదబావి ఉంది. ఒకప్పుడు గల్లీ అంత దాని నీళ్ళే తాగేటోళ్ళు. తెల్లారకముందే ఆడోళ్ళు బిందెలు పట్టుకొని వచ్చేది, గిరక కిర్రుకిర్రుమనేది, నేను తిట్టుకుంట లేసేటోన్ని. నా పెండ్లాం చంద్రభాగ మియాది జ్వరంతోని, అదే టైఫాయిడ్‌తోని, పోయినంక, ఆ బాయి నీళ్ళే జ్వరం తెచ్చినయని ఎవరో అన్నరు. మున్సిపాల్టీ వాళ్ళొచ్చి ఎర్రమందు కలిపి, ఇగ మంచిగైనయని చెప్పిపోయిన్రు. ఒక్క బిందె రాలే. మా ఇండ్లల్ల మనిషి వచ్చి గడప తొక్కంగనే ముందు చెంబెడు నీళ్ళిస్తం, ఎందుకొచ్చినవని తర్వాత అడుగుతం. నేను దినాం కుండెడు నీళ్ళు వడగట్టి, పటిక వేసి, కాచి, చల్లార్చి, మీద చెంబు బోర్లించి పెడుత. ఎవరు తాగరు, మర్నాడు అవే నీళ్ళతోని నూలు తడుపుత.

ఒక్క మనిషి ఒక్క చెంబు తాగితే చాలు, గల్లీ దానంతటదే వస్తదని నా ఆశ. ఆ మనిషిని రప్పిచ్చేటందుకు నా తాన ఉన్న పనిముట్టు నోరొక్కటే.

"గంగుబాయీ, నీళ్ళు శుద్ధి చేసుడంటే మాటలు గాదు" అని మొదలుపెట్టిన.

"నీకు మాటలే గదా పెంటప్పన్నా" అన్నది, చాయ్ వడబోసుకుంట.

"ఇను మరి. నిరుడు గాదు, అటు ముందటి ఎండకాలం. హోట్గి రోడ్డు మీదికెల్లి వస్తున్న. నడి రోడ్డు మీద ఒక ఇల్లు నిలవడ్డది. ఇల్లంటే ఇల్లే, తలుపు, కిటికి, కిటికికి పర్దా. కింద చూస్తే చక్రాలు! లారీ మీద కట్టిన ఇల్లు. లోపల పంపు పొయ్యి, గూట్ల గిన్నెలు, నెత్తి మీద నీళ్ళ టాకీ. మంచమైతే ఏం చెప్పాలె, సరిగ్గ కిటికి ఎత్తుల ఉంది. పండుకున్నోళ్ళు తలకాయ ఎత్తే పనిలేదు, అట్ల పక్కకు ఒత్తిగిలితే చాలు, దినాం ఒక కొత్త ఊరు కనపడుతది. జొన్న చేను, బర్రెలు, జాతరకు పోయేటోళ్ళు, అన్ని వాటంతటవే మంచం కాడికి వస్తయి..."

"కాకా, నీళ్ళకాడికి రా" అన్నడు రాజారాం.

"వస్తున్నరా. అండ్లొక సాహెబ్ ఉన్నడు, పాత ఖిల్లాల బొమ్మలు గీసుకుంట దేశం తిరిగేటోడు. తెల్లటి మీసాలు, ఒక్కొక్కటి కుంచెంత. బిక్కమొఖం పెట్టి కూసున్నడు. ఏంది సాహెబ్ అంటే, టాకీ ఎండింది, ఈ కుంటల నీళ్ళు తాగితే సస్తనన్నడు. చూస్తే కుంటల నీళ్ళు బర్రెలు పొర్లి గంజి లెక్క ఉన్నయి. గింతేనా అన్న. పాత చీరె తీసి మడత మీద మడత పెట్టిన. కొత్త బట్ట గాదు, కొత్త బట్టకు గంజి ఉంటది, అది నేతోనికే ఎరుక. వడగట్టిన, పటిక వేసిన, మన్నంత అడుగుకు దిగినంక మీది తేట వంచిన, మసలకాచిన. ఇగ తాగు సాహెబ్ అన్న."

"ఇది నిజమే ఉండొచ్చు" అన్నది గంగుబాయి.

ఆ మాట నాకు పడదు. నిజమే ఉండొచ్చు అన్నకాడ ఆగినోడు కత చెప్పేటోడే గాదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను రంగారిని గదా, పటిక అనంగనే చెయ్యి రంగు బానకు వేసినంత వేసింది! సాహెబ్ ఒక గుక్క తాగిండు, మూతి ముడుచుకపోయింది, సంచికి దారం గుంజినట్టు. మాట రాదు. సైగలే. సోలాపూర్ నుంచి అక్కల్‌కోట దాక సైగల మీదనే పోయినం. ఆ మూతితోనే చాయ్ తాగిండు. పటిక తగిలిన దారం రంగును వదులుతదా? మీసాలు చాయ్ రంగు వట్టినయి. సబ్బు పెట్టిన్రు, సోడ పెట్టిన్రు, బండకేసి కొట్టుడొక్కటే తక్కువ. పోలే!"

"నువ్వేసిన రంగు పోలేదా? ఇది మాత్రం అబద్ధం కాకా."

"ఇనరా! సాహెబ్‌కు కోపం రాలే. అద్దంల చూసుకుంటే పది ఏండ్లు చిన్నగ కనపడ్డడు. పెంటప్పా, నా ఇల్లు మోటారుకు ఇగ నువ్వే నీళ్ళ మొనగానివి అన్నడు. అట్లనే సీనా నదికి పోయినం. ఎగువల వాన వడ్డది, నది ఎర్రగ మన్నై పారుతుంది. నేను ఒక కుండల బొగ్గు, ఒక కుండల ఇసుక, ఒక కుండల గులకరాళ్ళు పోసి, అడుగుకు బొక్క కొట్టి, ఒకదాని మీదొకటి నిలవెట్టిన. బొట్టు బొట్టు పడుతున్నయి. సాహెబ్ అన్నడు, గీ బొట్లతోని టాకీ ఎన్నడు నిండాలె? నాకు రోషమొచ్చింది. టాకీ నింపుడు ఎందుకు సాహెబ్, నదినే వడగడుత అన్న."

"అరె దేవా" అన్నది గంగుబాయి. రాజారాం చాయ్ గిలాస కింద పెట్టిండు. సిద్ధరాములు మామ నా దిక్కు చూసిండు. నాకు సంబరమైంది. మామ మనసు కుండ మీదికి మళ్ళుతుందనుకున్న.

"ఈ ఒడ్డున మర్రెత్తు గుంజలు, ఆ ఒడ్డున అంతే గుంజలు. నడుమ పడుగు గట్టిన. నాడెకు బదులు పడవ. పడవ అటు పోతే ఒక పోగు, ఇటొస్తే ఒక పోగు. నది మీదనే నది అంత ఎడల్పు బట్ట నేసిన. నది దబ్బున వచ్చి బట్టకు తగిలింది, ఆగింది, ఆలోచించుకున్నది, ఇగ తప్పదని సన్నగ అటు ఎల్లింది. మన్నంత ఇవుతల గుట్ట పడ్డది. ఇప్పుడు సుత పో, ఆ గుట్ట మీద మేకలు మేస్తున్నయి."

"మరి పటిక?" అన్నడు రాజారాం.

"పటిక బండ్ల మీద తెప్పిచ్చిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్ళు తేటవడ్డయి, తేటవడ్డయి, ఆఖరికి కండ్లకు కనపడకుంట పోయినయి. కొంగ వచ్చి, నీళ్ళు లేవనుకొని ఇసుకల దిగింది, మెడ దాక మునిగింది. చాపలైతే తమకు బట్టలు లేవని అప్పుడే తెలిసి రాళ్ళ సందులల్ల దాసుకున్నయి. తహసీల్దార్ గుర్రమెక్కి వచ్చి చూసి, నది ఎండింది, కరువొచ్చిందని రైతులకు శిస్తు మాఫీ చేసిండు. రైతులు నాకు దండలేసిన్రు. ఆడోళ్ళు మాత్రం తిట్టిన్రు. ఎందుకంటే బిందె నిండిందో లేదో తెల్వదు, మునిగిందో లేదో తెల్వదు. ఓ పెంటప్పా, మా నది మాకు చూపియ్యి అని ఏడుస్తున్రు. ఏం చేస్త? నా నీలి రంగు బాన మోటారుల ఉంది. మొత్తం నదిల వంచిన."

"వంచినంక?" అన్నది గంగుబాయి.

"వంచినంక ఏముంది, సీనా నీలంగైంది. సీనా పోయి భీమల కలిసె, భీమ నీలంగైంది. భీమ పోయి కృష్ణల కలిసె. కృష్ణ ఎక్కడికి పోతది?"

"సముద్రానికి" అన్నడు రాజారాం, అని నాలిక కర్సుకున్నడు.

"మరి సముద్రం నీలంగ ఎందుకుందనుకుంటున్నవురా!"

గంగుబాయి కొంగు నోట్ల కుక్కుకొని నవ్వింది. రాజారాం బల్ల మీద గుద్దిండు. "కాకా, కాకా, ఒక్కటి చెప్పు. నువ్వు వంచకముందు సముద్రం ఏ రంగుండె?"

"తెల్లగ. మగ్గం మీదికెల్లి దింపిన కోరా బట్ట లెక్క" అన్న. "ఇప్పుడు చెప్పున్రి, సముద్రానికి రంగేసినోనికి ఒక చేదబావి లెక్కనా? మా ఇంట్ల కుండెడు నీళ్ళున్నయి, అదే చేతులతోని శుద్ధి చేసిన. రాన్రి, ఒక్క చెంబు తాగి చూడున్రి."

నవ్వు ఆగింది. గంగుబాయి గిలాసలు కడుగుడు మొదలుపెట్టింది, కడిగినయే మల్ల కడిగింది. రాజారాం లుంగీ దులుపుకొని ఆకాశం దిక్కు చూసిండు. ఎవరు లేదనలే, ఎవరు లేవలే.

అప్పుడు సిద్ధరాములు మామ నోరు తెరిచిండు.

"పెంటప్పా, ఏ ఎండకాలం అన్నవు?"

"అటు ముందటిది మామా."

"ఆ ఎండకాలం నువ్వు గల్లీ మలుపు దాటలే."

నేను ఇకిలించిన. "దాటిన మామా, నువ్వు మగ్గం గుంతల ఉంటివి, చూడలే."

"చూసుడెందుకు? నడుమ ఒక్క గోడ. పొద్దుగాల చేద వేసిన సప్పుడు, వడగట్టిన సప్పుడు, పొయ్యి ఊదిన సప్పుడు. డాక్టర్ కాచిన నీళ్ళే తాపుమన్నడని పొద్దుమాపు అదే పని చేస్తివి. ఒక్క దినం ఇల్లు ఇడిచిపెట్టి పోలే. ఈ ఇల్లు మోటారు కత సుత నేను అప్పుడే ఇన్న. మంచం పక్కకు కూసొని చంద్రభాగకు చెప్తుంటివి. మంచం కాడికి ఊర్లు వస్తయని. ఆమె నవ్వేది, దగ్గు వచ్చేది, మల్ల చెప్పుమనేది."

మామ చాయ్ అడుగు మిగిలింది తాగిండు.

"అప్పుడు కత సముద్రం దాక పోలే. సీనా కాడనే ఆగింది" అన్నడు.

రాజారాం గిలాస గంగుబాయి చేతికిచ్చి, "వస్త కాకా" అన్నడు మెల్లగ. ఎన్నడు చెప్పి పోయేటోడు గాదు. గంగుబాయి నాకు అడగకుంటనే ఇంకొక చాయ్ పోసి ముంగట పెట్టింది. అది తాగితే ఓడిపోయినట్టని తాగలే. తాగకుంటే ఏం గెలిచిననో అది సుత తెల్వదు. లేసి ఇంటి దారి పట్టిన.

ఎనుక చెప్పుల సప్పుడు. మామ. పక్కిల్లే గదా, వస్తడు, అనుకున్న. మా గడప కాడ నేనాగితే ఆయన సుత ఆగిండు.

"నోరెండుతుంది" అన్నడు.

"గంగుబాయి కుండల నీళ్ళుండె గదా మామా."

"అవి చాయ్ వాసనొస్తయి. ఇస్తవా, ఇంటికి పోనా?"

చెంబు ముంచిన తొందరల సగం నీళ్ళు గచ్చు మీద పోసిన. మామ అరుగు మీద కూసొని, చెంబు ఎత్తి, గటగట తాగిండు. అంతే. కండ్లు మూసుకున్నడు. చెంపలు లోపలికి పోయినయి. మూతి ముడుచుకున్నది, ముడుచుకున్నది, సంచికి దారం గుంజినట్టు.

"మామా! ఏమైంది మామా?"

మామ చెయ్యి ఎత్తి బొటనేలు, చూపుడేలు కలిపి చూపిచ్చిండు. చిటికెడు. తర్వాత పిడికిలి బిగబట్టి నా మొఖం ముంగట ఆడిచ్చిండు. ఇంత వేస్తవారా, అని.

పటిక ఎప్పుడు చంద్రభాగనే చూసుకునేది, మంచం పట్టినంక సుత. గడ్డను ఇట్ల ముంచి అట్ల తీసేది. ఆమె పోయినంక నేను వేస్తున్న. నా చెయ్యికి బాన కొలతే ఎరుక. తాగి చెప్పేటోళ్ళు లేకుండిరి. నేను చాయే తాగుత, గంగుబాయి కాడ.

"ఎక్కువైందా మామా?" అన్న.

మామ లేసిండు. పోతున్నడనుకున్న. గడప దిక్కు పోలే, ఆకిట్లకు నడిచిండు. నోరు కడుక్కునేటందుకు చేద బాయిల ఇడిచిండు, తాడు గుంజిండు.

తుప్పు వట్టిన గిరక ముందు మొరాయించింది. మల్ల గుంజితే కిర్రుమన్నది, గల్లీ ఆ చివర దాక ఇనపడేటట్టు. అవుతలి ఇంటి గోడ మీదికెల్లి ఒక ఆడమనిషి తలకాయ లేసింది, ఎవరు తోడుతున్రు అని. మామకు నోరు లేదు, చెయ్యి ఊపిండు. ఇంకొక చేద వేసిండు.

గిరక మల్ల కిర్రుమన్నది. ఈసారి నేను తిట్టుకోలే.